మెడ నాది, పతా అత్తది

క్షవరం అయిపోయాక అడక్కుండానే మెడ విరిచే సెలూన్ వాళ్ళ మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. కత్తెర కింద పెట్టి, రెండు చేతులతో తల పట్టుకుని, ఎడమకొకటి కుడికొకటి టక్కుమనిపిస్తారు. అది సేవట. ప్రాణం పోయి వచ్చిన మనిషి కుర్చీలోంచి లేచి "బాగుంది" అనాలట. నేను ఏళ్ళ తరబడి బాగుందనే అన్నాను. అబద్ధమాడకూడదని పిల్లలకు చెప్పే ఉద్యోగం నాది, మునిసిపాలిటీ తెలుగు బడిలో మాస్టర్ని. సెలూన్లో మాత్రం మినహాయింపు తీసుకునేవాణ్ణి.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక ఆదివారం, మా గల్లీ చివర సెలూన్ నడిపే యాదగిరి ఎడమకు విరిచాడు, కుడికి విరవలేదు.

"మాస్టరూ, ఇక్కడ ఏందిది?"

కుడివైపు మెడ భుజాన్ని కలిసే చోట అతని వేలి కింద ఏదో ఉంది. రేగుపండంత. గట్టిగా. నొప్పి లేదు.

"నీ వేలేమో" అన్నాను.

"నా వేలు నాకెరుకనే" అన్నాడు యాదగిరి.

మొదటి పరీక్ష సరిగ్గా చేసినవాడు అతనే. ఆ తర్వాత నా మెడ మీద చెయ్యి వేయకుండానే నా రోగమేమిటో చెప్పినవాళ్ళు వరసగా వచ్చారు. ఇది రాయడం ముఖ్యంగా వాళ్ళ కోసమే. ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. బాగున్నవాడికే కోపం తెచ్చుకునే తీరిక దొరుకుతుంది.

ఇంటికొచ్చి అమ్మకు చూపిస్తే తడిమి సంతోషపడింది. హాస్యానికి అనడం లేదు, నిజంగానే సంతోషపడింది.

"మీ తాతకు గిట్లనే ఉండె బిడ్డా. రాళ్ళు మోసి మోసి కాయ కాసింది. మీ నాయనకు రాలే. నీకొచ్చింది."

మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ మరాఠీ మహానగరం గోడలకు రాళ్ళు మోశాడు. నా చిన్నప్పుడు మా చాళ్‌లో, ఖోలీకో సంసారం చొప్పున వరస గదులుండే మా మేడలో, ముసలివాళ్ళందరికీ మెడ మీదో భుజం మీదో అలాంటి కాయ ఒకటి ఉండేది. బనీను తీసి మరీ చూపించుకునేవారు. నేను జీవితంలో మోసింది చాక్‌పీస్. అయినా చాళ్ చాళంతా వచ్చి నా మెడ తడిమిపోయింది. పక్క ఖోలీ ముసలాయన "రక్తం యాడ పోతది" అని తేల్చేశాడు. చాక్‌పీస్ బరువుకు కాయ కాసే వంశం మాదొక్కటే అయి ఉంటుందన్నాను. ఎవరూ నవ్వలేదు. నా భార్య సుశీల మాత్రం, "ముందు డాక్టరుకు చూపియ్యి. మీ తాత సంగతి తర్వాత చూద్దాం" అంది.

సెలవులు అయ్యేదాకా నేను తాతనే నమ్మాను. మందు అక్కర్లేని రోగాన్ని ఎవరు వదులుకుంటారు?

*

వానలు పడేసరికి రేగుపండు నిమ్మకాయంత అయింది. మా గల్లీ డాక్టరు లెక్కలో మా వైపు వాచిందల్లా టీబీ, వాయనిదల్లా గ్యాస్. ఆయన బల్లకు అవతలి నుంచే చూసి టీబీ గడ్డ అన్నాడు. సూదులు మొదలయ్యాయి. రోజూ బడి వదలగానే వెళ్ళి పొడిపించుకునేవాణ్ణి. కూర్చుని పాఠం చెప్పే అలవాటు ఆ నెలల్లోనే పోయింది. ఆ సూదుల వల్ల చెవుల్లో ఎప్పుడూ ప్రెషర్ కుక్కర్ కూత. నల్లా దగ్గర సుశీల బిందెను ఎవరో కాలితో పక్కకు జరిపారట. ఎవరో ఆమె చెప్పలేదు. మా పళ్ళాలు మాత్రం ఆ రోజు నుంచి వేరే తోమింది, ఎవరూ అడక్కముందే.

గడ్డకు సూదుల సంగతి తెలియనట్టే ఉంది, దాని దారిన అది పెరిగింది. దసరాకు డాక్టరు చిట్టీ రాసి పెద్ద దవాఖానాకు పొమ్మన్నాడు. ఆ చిట్టీ రాసేటప్పుడు కూడా మెడ వైపు చూడలేదు, పెన్ను వైపు చూశాడు.

ఆ దవాఖానా పేరు రాయను. పొద్దున్నే వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చుంటే, ఆ బెంచీ మెల్లగా లోపలికి జరుగుతుంది. నిజానికి జరిగేది మనుషులు, కానీ ఆకలి మీద అలా అనిపిస్తుంది. పేపర్లు రాసే గుమాస్తా నా పతా, ఎక్కడ ఉంటానో, అడిగాడు. కామాఠిపుర అన్నాను. పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. ఆగింది ఎందుకో లోపల తెలిసింది.

డాక్టరు చుట్టూ ఆరేడుగురు విద్యార్థులున్నారు. ఆయన కాగితంలో మొదటి వరస చదివి తలెత్తాడు.

"ఎన్నాళ్ళ నుంచి వెళ్తున్నావు అక్కడికి?" మరాఠీలో అడిగాడు.

"పుట్టినప్పటి నుంచి సార్."

"వారానికి ఎన్నిసార్లు?"

"రోజూ సార్. బడి వదలగానే."

వెనక వరస గొల్లుమంది. ఒక విద్యార్థి పెదవి కరుచుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. అది జోకని ఆయనకు తట్టలేదు, కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం ఈ రోజుకీ ఏదో బీరువాలో ఉండే ఉంటుంది: రోజూ, బడి వదలగానే.

ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆ పేరు మాది, రాళ్ళు మోసిన కామాఠీలది. మేం గోడలు కట్టాం. ఆ గోడల మధ్యకు ఆడవాళ్ళ ఒంటితో చేసే వ్యాపారం వచ్చింది. ఊరు మా పేరు పట్టుకెళ్ళి ఆ వ్యాపారానికి పెట్టింది. ఆ ఆడవాళ్ళ మీద నాకు కోపం లేదు. పొద్దున నల్లా దగ్గర మా వాళ్ళతో పాటే నిలబడతారు. వాళ్ళు దవాఖానాకు పోతే ఆ డాక్టరు ఏమంటాడో ఊహించుకోవడానికి నాకు ఆ రోజు నుంచి కష్టం లేదు. మా చాళ్‌లో తలుపుల మీద "ఇది సంసారుల ఖోలీ" అని మూడు భాషల్లో రాసుకుంటాం. మెడ మీద రాసుకోవాలని ఎవరికీ తోచలేదు.

"ఆ రోగానికి" నెత్తురు పరీక్ష రాశారు. ఏమీ లేదని వచ్చింది. ఏమీ లేకపోవడం కుదరదు కాబట్టి మళ్ళీ తీశారు. మళ్ళీ లేదు. అప్పుడు భార్యను తీసుకురమ్మన్నారు. సుశీల వచ్చింది, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, గోడకున్న క్యాలెండరు చూస్తూ నెత్తురిచ్చింది. తిరిగి వస్తుంటే గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల మీద ఆగింది.

"నా నెత్తురు ఎందుకు దీసిన్రో నాకెరుక. నువ్వాడ జోకేసినవని గూడ ఎరుక. ఇంకోపారి జోకేస్తే నేను నీతోటి దవాఖానకు రాను."

మూడు వారాలు తిరిగాం. ఆ మూడు వారాల్లో నా మెడను ముట్టుకున్న డాక్టరు ఒక్కడూ లేడు. ఇది చదివే వాళ్ళకు నేను ఇవ్వగల సలహా ఒక్కటే: ముట్టుకుని చూసే డాక్టరును వెతుక్కోండి. ముట్టుకోకుండా చెప్పేది జోస్యం, దానికి చిలక చాలు.

*

దీపావళి అయ్యాక సుశీలే అంది: "ఇంకో దవాఖానకు పోదాం. ఈపారి అత్త పతా రాయిద్దాం."

మా గల్లీలో నాలుగక్షరాలు వచ్చిన ప్రతివాడికీ రెండు పతాలుంటాయి. ఉండటానికొకటి, రాయడానికొకటి. రాసేది దాదర్‌లో మా మేనత్త మల్లమ్మ ఖోలీది. మా నాయన చెల్లెలు. మామ పోయాక ఒక్కతే, చీరలకు ఫాల్ కుడుతూ అక్కడే ఉండిపోయింది. ఉద్యోగం దరఖాస్తు పెట్టినా, పెళ్ళి సంబంధం వాళ్ళకు ఉత్తరం రాసినా మా వాళ్ళు ఆ పతాయే ఇచ్చేవారు. నా ఉద్యోగం ఆర్డరు కూడా అక్కడికే వచ్చింది. అత్తకు చదువు రాదు. వచ్చినవన్నీ రుమాల్లో మూటగట్టి, ప్రతి సోమవారం బస్సెక్కి మా చాళ్‌కు వచ్చేది. మెట్ల మీద కూర్చుని ఒక్కో ఉత్తరం ఎత్తి చూపిస్తే ఎవరిది వాళ్ళు అందుకునేవారు. మేం చాయ్ ఇచ్చేవాళ్ళం. ఎవరికి మంచి కబురొచ్చినా కాగితం రాసింది తానే అన్నంత మురిసిపోయేది.

బడిలో ఉత్తరం రాయడం నేర్పేటప్పుడు "కుడివైపు పైన మీ చిరునామా" అని బోర్డు మీద రాసేవాణ్ణి. వెంటనే వెనక నుంచి ఎవరో అడిగేవారు: "ఏ చిరునామా సార్?"

ఆమె పతా రాయిస్తున్నానని అత్తకు చెప్పలేదు. ఎవరూ చెప్పరు. అడగడం ఎప్పుడో మానేశాం.

దాదర్ అన్నాను, రెండో దవాఖానాలో గుమాస్తా పెన్ను ఆగలేదు. లోపల యాభై ఏళ్ళ డాక్టరమ్మ. ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుంది. నా వెనక నిలబడి, గడ్డ చుట్టూ వేళ్ళతో చాలాసేపు వెతికింది. చెయ్యి పైకెత్తమంది, దించమంది. ఏం పని చేస్తారని అడిగింది.

"బోర్డు మీద రాసే చెయ్యి ఇదేనా?"

"ఇదే."

"ఇదేమిటో నాకు తెలియదు" అంది.

ఏడు నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి సీసాలో వేశారు. పది రోజుల తర్వాత పోతే, ముక్కను పరీక్షించిన ఇద్దరు డాక్టర్లూ చెరో మాట చెప్పారంది. మెడ కండల మధ్య పుట్టే గడ్డల్లో ఎప్పుడో గానీ కనపడని రకాలు చాలా ఉన్నాయట. పేరు తెలియకుండా కత్తి పెడితే తక్కువన్నా కోస్తారు, ఎక్కువన్నా కోస్తారు.

"ఇంకోచోటికి పంపుతున్నాం. తేలగానే కార్డు రాస్తాం. రోజూ వచ్చి ఇక్కడ కూర్చోవద్దు, మీకు బడి ఉంది. కార్డు అందగానే మాత్రం బయల్దేరండి. ఆ చేతి నరం దానికి దగ్గరలోనే ఉంది."

తలూపాను. తలూపడం అప్పటికే కొంచెం కష్టంగా ఉంది.

*

ఆ చలికాలమంతా నేను సోమవారాల మీద బతికాను. మొదటి సోమవారం అత్త రాలేదు. రెండోదీ రాలేదు. బడి నుంచి వస్తూనే సుశీలను అడిగేవాణ్ణి, "అత్త వచ్చిందా?" రాలేదనేది. హాయిగా ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అత్త రాలేదంటే కార్డు రాలేదు. కార్డు రాలేదంటే తొందరేం లేదు. తొందర లేదంటే జబ్బు పెద్దది కాదు. తరగతిలో ఎవడైనా ఇలా రాస్తే సున్నా చుట్టి, పక్కన నిలబెట్టేవాణ్ణి.

"ఒకపారి దాదర్ పోయి అడిగి రారాదు?" అంది సుశీల.

"వస్తే ఆమే తెస్తది కదా."

"అరగంట బస్సు."

"కార్డు నడిచొచ్చేది పోస్టులో. నేను బస్సెక్కితే తొందరగ రాదు."

జోకు వేశానని ఆమె లేచి వెళ్ళిపోయింది. భయపడ్డానని చెప్పి ఉంటే కూర్చునేది.

పేరు లేని జబ్బుతో ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందంటే, అందరూ మంచి మాటలే మాట్లాడతారు, ఎవరూ ఎవరి ముఖం చూడరు. అమ్మ తాత ప్రస్తావన మానేసింది. నేను చొక్కా తొడుక్కునేటప్పుడు అటు తిరిగి కూర్చునేది. అన్నం ముద్ద నోటిదాకా రావడానికి మోచెయ్యి మోకాలు మీద ఆనించాల్సి వస్తుంటే, సుశీల చూసి పళ్ళెం పీట మీద పెట్టడం మొదలుపెట్టింది.

మాఘంలో ఒక రోజు బోర్డు మీద గుణింతం రాస్తున్నాను. చెయ్యి దానంతటదే కిందికి జారిపోయింది. చాక్‌పీస్ పై నుంచి కింద దాకా ఒక పొడుగాటి గీత గీసి నేల మీద పడింది. నేనేదో తమాషా చేశాననుకుని తరగతి మొత్తం విరగబడి నవ్వింది. నవ్విస్తాడని నాకున్న పేరు ఆ రోజు నాకు ఏ విధంగానూ పనికిరాలేదు.

హోలీ ముందు సుశీల నన్ను చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఎడమ చెయ్యి.

"ఇన్నాళ్ళు ఎక్కడున్నారు?" డాక్టరమ్మ గొంతు నేనెప్పుడూ విననంత గట్టిగా ఉంది. "మూడు కార్డులు రాశాం. మూడోదాని మీద ఎర్ర సిరాతో 'వెంటనే' అని నా చేత్తో నేనే రాశాను."

"అందలేదు."

"దాదర్‌లో ఉండేది మీరే కదా?"

"మా అత్త."

"మరి మీరు?"

చెప్పాను. పతా ఎందుకు మార్చానో కూడా చెప్పాను, రోజూ బడి వదలగానే అన్నది తప్ప. ఆమె పెన్ను కింద పెట్టింది. తర్వాత గడ్డ పేరు చెప్పింది. పొడుగాటి ఇంగ్లీషు పేరు. ఇన్నేళ్ళలో ఆమె అలాంటిది చూడటం ఇది రెండోసారట. ఒంట్లో ఇంకోచోటికి పాకే జాతి కాదు. ప్రాణం తీసే రకమూ కాదు. ఉన్నచోటే వేళ్ళు దింపి, చుట్టూ ఏముంటే దాన్ని పట్టుకుంటుంది.

"మొదటి కార్డు రాసిన రోజు నరం దానికి పక్కన ఉంది. ఇప్పుడు దాని లోపల ఉంది."

సుశీల నా వైపు చూడలేదు. నేనే చూశాను. క్యాలెండరు కోసం గోడ వెతుక్కుంటోంది. అక్కడ క్యాలెండరు లేదు.

కోశారు. ఆ రోజుల గురించి ఎక్కువ గుర్తులేదు. మత్తు ఎక్కేదాకా నా వేళ్ళు పట్టుకుని నిలబడ్డ ముసలి ఆయా గుర్తుంది, ఆమె చేతికి ఫినాయిలు వాసన. గడ్డం గీయడానికి యాదగిరి కత్తి పట్టుకుని వార్డుకు వచ్చాడు, గీసి, తల మీద ఉత్తగా చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. గడ్డంతా వచ్చింది. దాంతో పాటు నరం కొంత వచ్చింది. నా కుడి చెయ్యి ఇప్పుడు రొమ్ము దాకా లేస్తుంది, అంతే. హెడ్మాస్టరు వడ్రంగిని పిలిపించి మా తరగతి బోర్డు రెండు మూరలు కిందికి దిగ్గొట్టించాడు. ఈ సంగతి నాతో అనలేదు. వెళ్ళేసరికి బోర్డు కింద ఉంది.

*

కోపం మాత్రం రొమ్ము దగ్గర ఆగలేదు. పెద్ద దవాఖానా డాక్టరు మీద అరవాలంటే మళ్ళీ బెంచీ మీద కూర్చోవాలి. గల్లీ డాక్టరు మీద అరిస్తే రేపు అమ్మకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఊరి మీద అరవడానికి ఊరికి చెవులెక్కడ? తేలిగ్గా అరవగలిగింది అత్త మీద. మూడు కార్డులు. నాలుగు నెలలు. మంచంలో పడుకుని ఒక్కో మాటా సానబెట్టుకున్నాను.

"ముసలిదాన్ని ఏమనకు" అంది సుశీల, నేను చెప్పులేసుకుంటుంటే.

"ఏమననులే. కార్డులు తెచ్చుకుంట."

ఖోలీ తలుపు ఓరగా వేసి ఉంది. అత్త మంచం మీద కూర్చుని ఉంది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది, దుప్పటి మీద దుమ్ము.

"నర్సిగా, నువ్వారా?" అంది. "ఏందిరా, మీ గల్లీల ఎవరన్న సచ్చిన్రా?"

"నా కార్డులేవి అత్తా?"

గోడకు మేకు, మేకుకు రుమాలు మూట. ఉబ్బిపోయి ఉంది. ఎడమ చేత్తో దింపి, పళ్ళతో ముడి విప్పాను. ఎవరిదో ఇంటర్వ్యూ కాగితం, తేదీ దాటిపోయింది. ఎవరిదో పెళ్ళి ఉత్తరం, పసుపు రాసింది. నావి మూడు. మూడోదాని మీద ఎర్ర సిరా.

ఇక సానబెట్టినవన్నీ బయటికొచ్చాయి. కార్డు వస్తే చెప్పి పంపాలని తెలియదా, ఎర్ర సిరా కనపడలేదా, చదువు రాకపోతే పక్కవాళ్ళతో చదివించుకోరాదా. చివర్న కుడి చెయ్యి ఎత్తి చూపించాను. "చూడు. ఇంతే లేస్తది. నా చెయ్యి మేకుకు తగిలించినవ్ అత్తా."

అత్త నా చెయ్యి వైపు చూసింది. తొందరపడకుండా, రొమ్ము దగ్గర ఆగిన చోటు నుంచి భుజం దాకా, మెడ మీద కుట్ల దాకా చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత మంచం కింద నుంచి కర్ర తీసి, దాన్ని ఆనుకుని లేచి నిలబడింది. ఒక కాలు నేలను ఆనలేదు.

"దీపావళి అయినంక నల్లాకాడ జారి పడ్డ. తుంటి ఇరిగింది" అంది. "పక్క ఖోలీ మరాఠీ ఆమెనే నాకు బువ్వ వెట్టింది, దొడ్డికి తీస్కపోయింది. మావోళ్ళ కార్డులొచ్చినయి, జర పోయి ఇచ్చి రా బాయీ అన్న. కామాఠిపుర అంటే నేను పోనన్నది. ఆమెనేమంటం? ఇయ్యాల కాకపోతె రేపు మావోళ్ళల్ల ఒక్కడన్న వస్తడనుకున్న. మూట లావైంది. మనిషి రాలే."

నేను చెయ్యి దించాను.

"మీ అందరికి నా పతా గావాలె" అంది అత్త. "నేను గావాల్నారా?"